బెల్లానికి చక్కెర జబ్బు

సంపాదక మహాశయులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, పెంపుడు జంతువుల శీర్షిక కింద ఒక పాఠకురాలి ప్రశ్నకు వచ్చిన జవాబు చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆమె పిల్లికి మధుమేహం, దానితోపాటు నెలల తరబడి విరేచనాలు. మీరు వేసిన జవాబు నాలుగు ముక్కలు: మధుమేహానికని అమ్మే తిండి పెట్టండి, కడుపు చెడిన రోజుల్లో కడుపుకని అమ్మే తిండి పెట్టండి, అయినా ఆగకపోతే రెండు రోజులు పస్తు ఉంచండి, ఇన్సులిన్ మాత్రం మానకండి. చివరి రెండు మాటలూ కలిపి పాటిస్తే ఆ పిల్లి రెండో రోజు చూడకపోవచ్చు.

నేను డాక్టరును కాను. చెన్నై కొత్వాల్ చావడి బజారులో ఒక పప్పుల మండీలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు రాసిన గుమాస్తాను. 1996లో కూరగాయల మార్కెట్టు కోయంబేడుకు తరలిపోయినా మా షావుకారు కదల్లేదు, నేనూ కదల్లేదు. రిటైరయ్యాక పెరంబూరులో ఉంటున్నాం. మండీలో ఎలుకల కోసం పెంచిన పిల్లుల సంతతిలో చివరిదాన్ని వెంట తెచ్చుకున్నాను. పాకం రంగు ఒళ్ళు కాబట్టి మా ఆవిడ దానికి బెల్లం అని పేరు పెట్టింది. బెల్లానికి 2023 ఆగస్టులో చక్కెర జబ్బు తేలింది. విన్నవాళ్ళందరూ నవ్వారు, మేమూ నవ్వాం, ఏం చేస్తాం. నిజానికి పిల్లి నాలుకకు తీపి తెలియదు. తీపిని పసిగట్టే జన్యువు వాటిలో పనిచేయదని డాక్టరమ్మ చెప్పింది. తీపి ఎరగని జీవికి ఈ జబ్బేమిటి తల్లీ అంటే, "అంకుల్, మగది, ఆపరేషన్ అయింది, ఆరు కిలోలు దాటింది, ఇంట్లోంచి కదలదు. ఇలాంటివాటికే ఎక్కువగా వస్తుంది" అంది.

అప్పటికి ఆరు కిలోలు కాస్తా నాలుగుకు దిగాయి. గిన్నెలు గిన్నెలు నీళ్ళు తాగేది. వెనక కాళ్ళు మడమలదాకా నేలకు ఆనించి, చతికిలబడినట్టు నడిచేది. వారానికి రెండుసార్లు వాంతి చేసుకుంటే వెంట్రుకల ఉండలనుకుని ఏడాది గడిపేశాం. అది మా తప్పే. స్కానింగులో పేగు గోడ మందంగా కనిపించింది. దీర్ఘకాలపు పేగు వాపా, లింఫోమా అనే క్యాన్సరా అన్నది చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేస్తేగానీ తేలదన్నారు. మత్తుమందుకు తట్టుకునే స్థితిలో లేదు కాబట్టి ముందు తిండితో చూద్దామన్నారు.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. మధుమేహం ఉన్న పిల్లి తిండిలో పిండిపదార్థం బాగా తగ్గాలి. పేగు వాపు ఉన్న పిల్లికి ఇంతకుముందు ఎన్నడూ తినని జంతువు మాంసం కావాలి, లేదా పేగు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన ప్రోటీన్ కావాలి. పిండి తక్కువగా ఉండే తడి ప్యాకెట్లు దాదాపు అన్నీ కోడి, ట్యూనా. బెల్లం పుట్టినప్పటినుంచీ తిన్నవి అవే. అవి పెడితే చక్కెర దిగింది, ఇసుక తొట్టి చెరువైంది. ప్రోటీన్ విరగ్గొట్టిన తిండి మాకు దొరికింది పొడి గుళికల్లోనే. అది పెడితే పదిరోజుల్లో మలం గట్టిపడింది, చక్కెర 420 దాటింది. పోనీ స్టెరాయిడ్ ఇద్దామంటే అది పేగును చల్లబరుస్తుంది, చక్కెరను మాత్రం చెట్టెక్కిస్తుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆ గుళికల ప్యాకెట్టు మీద పిండిపదార్థం ఎంతో రాసి లేదు. మామూలుగా రాయరు. మనిషి తినే బిస్కెట్ ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ ఎంత, చక్కెర ఎంత అని వేయాలి. పిల్లి తిండికి ఆ నియమం లేదు. ఎందుకంటే 2006 నాటి ఆహార భద్రతా చట్టంలో ఆహారం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోంచి పశుపక్ష్యాదుల దాణాను తీసేశారు. కాబట్టి లెక్క మనమే కట్టుకోవాలి. మండీలో తరుగు తీసినట్టే. ప్రోటీన్ 30, కొవ్వు 10, పీచు 4, తేమ 10 అని ఆ ప్యాకెట్టు మీద ఉంది. బూడిద, అంటే ఖనిజాలు, వేయలేదు. డాక్టరమ్మ 8 వేసుకోమంది. మొత్తం 62. వందలో మిగిలిన 38 పిండిపదార్థం. తడి ప్యాకెట్టులో ప్రోటీన్ 10, కొవ్వు 3, పీచు 1, తేమ 82, బూడిద 2. మొత్తం 98, మిగిలింది 2. ఇలా 38నీ 2నీ పక్కపక్కన పెట్టి చూడటం తప్పు, ఒకదాంట్లో అంతా నీళ్ళే కదా. కేలరీల్లో చూడాలి. గ్రాము ప్రోటీనుకూ పిండికీ మూడున్నర, కొవ్వుకు ఎనిమిదిన్నర చొప్పున వేస్తే, గుళికల్లో పిండి నుంచి వచ్చేది నూటికి 41, తడి తిండిలో 10. మాకు చెప్పిన హద్దు 12.

ఈ లెక్కలోనూ ఒక బొక్క ఉంది. ప్యాకెట్టు మీద ప్రోటీన్ "కనీసం" ఇంత, తేమ "గరిష్ఠం" ఇంత అని ఉంటుంది. తడి తిండిలో ఒక్క శాతం అటూ ఇటూ అయితే నా 10 కాస్తా 15 అవుతుంది. గ్రేవీ రకాల్లో చిక్కదనానికి పిండి కలుపుతారు, అది కంటికి కనబడదు. నా ముప్పై నాలుగేళ్ల చిట్టాల్లో ఇంత వదులు లెక్క ఒక్కటి పట్టుకెళ్లినా షావుకారు నా మొహాన కొట్టేవాడు.

చివరికి తేలింది మేక మాంసం. బెల్లం అంతవరకూ రుచి చూడనిది అదొక్కటే. మాది శనివారాలు ఉల్లిపాయ కూడా ముట్టని ఇల్లు. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు "ఏమండీ, మొట్టమాడి మీద అయితే వండుకోండి, ఆ గిన్నె కిందికి దిగకూడదు" అంది. మేడ మీద కరెంటు పొయ్యి, ఒక గిన్నె, ఒక కత్తి, అంతే సరంజామా. మటన్ కొట్టు బాయ్ మొదటిరోజు నన్ను చూసి తప్పు దారిలో వచ్చాననుకున్నాడు. ఇప్పుడు నన్ను చూడగానే కొవ్వు లేని తొడ ముక్క పక్కన పెడతాడు, "పూనైక్కు దానే సార్", పిల్లికేగా సార్, అంటూ.

ఉత్త మాంసం ఉడికించి పెడితే చాలదు, ఇది మీ పాఠకులకు గట్టిగా చెప్పాలి. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం ఇంచుమించు లేదు. టారిన్ అనే పదార్థం పిల్లికి తిండిలోంచే అందాలి. అది తగ్గితే గుండె కండరం సాగి చచ్చుబడుతుందని 1987లో అమెరికాలో తేల్చాక కంపెనీలు తమ తిండిలో దాన్ని పెంచాయి. అది నీళ్ళలో కరిగిపోతుంది, ఉడికిన నీళ్ళు పారబోస్తే దాన్నీ పారబోసినట్టే. కాల్షియం ఎంత, టారిన్ ఎంత, మేక కాలేజం ఎంత అన్నది గ్రాముల్లో రాయించుకుని తులం త్రాసులో తూచి కలుపుతాను. ఉల్లి, వెల్లుల్లి ససేమిరా వద్దు, పిల్లి నెత్తురులోని ఎర్రకణాలను అవి విరిచేస్తాయి. పాలన్నం, పెరుగన్నం సంగతి అడగొద్దు. మనమందరం పిల్లికి అదే పెట్టి పెంచాం.

మూడు వారాలకు మలం రూపుకొచ్చింది. పేగు చెడితే బి12 విటమిన్ ఒంటికి పట్టదట, రక్తపరీక్షలో అది అడుగంటింది. ఆరు వారాలు వారానికో సూది వేశారు, ఆకలి తిరిగొచ్చింది.

తిండి మార్చిన రోజునుంచి ఇన్సులిన్ మోతాదు కూడా మారిపోతుంది. పిండి తగ్గిన తిండికి పాత మోతాదు వేస్తే చక్కెర పాతాళానికి పోతుంది. మీ జవాబులో లేనిది, ఆ పాఠకురాలికి అన్నిటికన్నా ముందు తెలియవలసినది ఇదే. మాకు డాక్టరమ్మ రోజుకు రెండుసార్లు చెవి అంచున గుచ్చి చక్కెర చూసి రాయమంది, మోతాదు మూడు యూనిట్లనుంచి రెండుకు దించింది. అంత జాగ్రత్తలోనూ నేను చేసిన పని వినండి.

2023 డిసెంబరు 4, మిచౌంగ్ తుఫాను. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు, కరెంటు లేదు, మందుల షాపులన్నీ మూత. బెల్లం సిరంజిలు ముందురోజే అయిపోయాయి. నాకూ చక్కెర జబ్బే, నా సిరంజిలు డబ్బా నిండా ఉన్నాయి. పొద్దున ఏడింటికి నా సిరంజితో రెండో గీత దాకా లాగి వేశాను. నావి ఎర్ర మూతవి, మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందుకు చేసినవి. బెల్లానికి వాడేది గ్లార్జిన్ అనే ఇన్సులిన్, మిల్లీలీటరుకు 100 యూనిట్లు, దానికి నారింజ మూత సిరంజి కావాలి. ఎర్ర మూత మీద రెండు గీతలంటే గ్లార్జిన్ ఐదు యూనిట్లు. లెక్కలు రాసి బతికినవాణ్ణి, ఆ పొద్దున ఈ లెక్క తట్టలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకు గ్రైండరు వెనక దొరికింది. తల ఊగుతోంది, పిలిస్తే వినపడటం లేదు, కళ్ళు ఎటో చూస్తున్నాయి. మీటరులో 38. మనుషుల మీటరు పిల్లి రక్తంలో చక్కెరను కొంత తక్కువగా చూపిస్తుందట. ఆ ఊరట ఆ క్షణాన అక్కరకు రాలేదు. ఫోను కలవలేదు. మా ఆవిడ పూజగదిలోంచి తేనె తెచ్చి, దాని నోట్లో పోయకుండా చిగుళ్ళకు రాసింది. పది నిమిషాలకోసారి రాస్తూనే ఉంది, వేలు రెండుచోట్ల కొరికించుకుంది. నాలుగింటికి 90కి వచ్చింది. ఈ మందు చాలాసేపు పనిచేస్తుంది కాబట్టి కొవ్వొత్తి పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాం, గంటకోసారి గుచ్చి చూశాం. ఆ రాత్రి సాయంత్రపు సూది వేయలేదు. మర్నాడు ఫోను కలిశాక డాక్టరమ్మ ఒక్కటే అడిగింది: "ఏ మూత అంకుల్?"

మన దేశంలో ఈ రెండు రకాల సిరంజిలూ ఒకే కౌంటరు మీద అమ్ముతారు. ఇంట్లో మనిషికీ పిల్లికీ ఇద్దరికీ సూది ఉన్నవాళ్ళు డబ్బాలు వేర్వేరు గదుల్లో పెట్టుకోండి.

పస్తు మాట కూడా దిద్దాలి. ఒళ్ళున్న పిల్లి కొద్ది రోజులు తినకపోతే దాని కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. కుక్కకు చెప్పే లంఖణం పిల్లికి చెప్పకూడదు. తినని పూట సూది వేసేముందు డాక్టరుకు ఫోను చేయాలి. ఈ సవరణ, ఆ మూతల సంగతి, వచ్చే ఆదివారం అదే శీర్షికలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయమని మనవి. పిల్లి తిండి ప్యాకెట్ల మీద పిండిపదార్థం ఎంతో అచ్చు వేయించే మార్గం ఏదన్నా ఉంటే మీ విలేఖరులు ఆ పని మీద తిరిగితే ఇంకా మేలు. వేపేరిలో 1903 నుంచి ఉన్న మద్రాస్ వెటర్నరీ కాలేజీలో అడిగితే నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ఉంటారు.

బెల్లానికి ఇప్పుడు పదమూడో ఏడు. సూది పూర్తిగా మానలేదు, పూటకు ఒక యూనిట్ దగ్గర నిలిచింది. నిన్నటి చిట్టా: పొద్దున 168, మటన్ 55 గ్రాములు, మలం బాగుంది, వాంతి లేదు. సాయంత్రం 190, సగం తిని వదిలేసింది, ఫోను చేసి అర యూనిట్ వేశాను.

ఉత్తరం వేసుకుంటే ఊరి పేరు వేయండి, నా పేరు మాత్రం వద్దు. మా మేడ మీద ఏం ఉడుకుతోందో మా వియ్యాలవారికి ఇంకా తెలియదు.

— మీ పాత పాఠకుడు,
పెరంబూరు, చెన్నై