వార్షిక నివేదిక 2025–26: వైద్య విద్యార్థులకు శారీరక శ్రమ సలహాలో శిక్షణ

గౌరవనీయులైన సంఘ సభ్యులకు నమస్కారములు.

ఈ సంవత్సరం మన సంఘం చేపట్టిన పనుల్లో ప్రధానమైనది, శారీరక శ్రమ గురించి రోగులతో ఎలా మాట్లాడాలో వైద్య విద్యార్థులు సాధన చేయడానికి మన సభ్యులు రోగుల పాత్రలో వారి ఎదుట కూర్చోవడం. పార్కు శుభ్రత, రక్తపోటు, చక్కెర పరీక్షల శిబిరాలు, వృద్ధ సభ్యుల పరామర్శ ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలూ జమాఖర్చులూ కోశాధికారి గారు సమర్పించిన పత్రంలో విడిగా ఉన్నాయి గనుక ఈ నివేదికను ఈ ఒక్క కార్యక్రమానికే కేటాయిస్తున్నాను.

ఈ పని ఎందుకు తలకెత్తుకున్నామో కొత్తగా చేరిన సభ్యులకు తెలియాలి. గత సర్వసభ్య సమావేశంలో చక్కెర వ్యాధి ప్రస్తావన వచ్చినప్పుడు, మాట్లాడినవారిలో చాలామంది ఒకే అనుభవాన్ని చెప్పారు. ఓపీలో గంటల తరబడి కూర్చున్నాక లోపలికి పిలుపు వస్తే, డాక్టరు గారు రిపోర్టులు చూసి, మందులు రాసి, చీటీ చేతికిస్తూ ‘రోజూ నడవండి’ అంటారు. ఎంతసేపు నడవాలి, ఎంత వేగంగా నడవాలి, మోకాలు వాచి ఉంటే ఏం చేయాలి, ఇన్సులిన్ వేసుకున్నాక ఏమీ తినకుండా బయలుదేరవచ్చా అని అడిగే వ్యవధి రోగికి ఉండదు, బయట ఇంకా బారులు తీరి ఉన్నవారిని తలచుకుంటే చెప్పే తీరిక వైద్యుడికీ ఉండదు. వైద్యులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. మందుల మోతాదులు నేర్చుకోవడానికి వైద్య విద్యలో దొరికే సమయంతో పోలిస్తే, వ్యాయామం గురించి రోగిని ఒప్పించే విధానం నేర్చుకోవడానికి దొరికే సమయం చాలా తక్కువ. 1923లో మొదలై ఇటీవలే నూరేళ్లు నిండిన ఆంధ్ర వైద్య కళాశాల ఉన్న ఊరు మన విశాఖపట్నం. శ్రీకాకుళం మొదలుకొని ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గ్రామాల వరకు రోగులు ఇక్కడి పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌కే వస్తారు. ఇటువంటి నగరంలో చదువుకునే భావి వైద్యుల శిక్షణకు పౌరులుగా మనం చేయగలిగిన సాయం ఉందని కార్యవర్గం భావించి, నగరంలోని ఒక వైద్య కళాశాల సామాజిక వైద్య విభాగం అధ్యాపకులతో మాట్లాడింది. వారు ఎంతో ఆదరంగా అంగీకరించారు.

సమస్య తీవ్రత గురించి కొన్ని అంకెలు ఇక్కడ చెప్పడం అవసరం. 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, 2022 నాటికి మన దేశంలోని వయోజనుల్లో దాదాపు సగం మంది ఆరోగ్యానికి అవసరమైనంత శారీరక శ్రమ చేయడం లేదు. స్త్రీలలో ఈ వాటా పురుషుల కంటే ఎక్కువ. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన సర్వే దేశంలో చక్కెర వ్యాధిగ్రస్తులు 10 కోట్లకు పైగా ఉన్నారని తేల్చింది. మరోవైపు, చెన్నై కేంద్రంగా జరిగి 2006లో వెలువడిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, చక్కెర వ్యాధి అంచున ఉన్నవారికి ఆహారం, శారీరక శ్రమ విషయంలో క్రమం తప్పకుండా సలహా ఇస్తే వ్యాధి వచ్చే అవకాశం 28 శాతానికి పైగా తగ్గింది. చక్కెర వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వల్ల తగ్గినది కూడా ఇంచుమించు అంతే. సలహాకు మందుతో సమానమైన బలం ఉందని మన దేశపు రోగుల్లోనే రుజువైనప్పుడు, ఆ సలహా చెప్పడాన్ని కూడా మందు రాయడమంత శ్రద్ధగా నేర్పాలని కోరడం న్యాయమే.

శిక్షణలో అధ్యాపకులు అనుసరించిన క్రమం ఐదు మెట్లుగా ఉంటుంది. ముందు అడగాలి, తరువాత సలహా చెప్పాలి, మార్పుకు రోగి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో అంచనా వేయాలి, అడ్డంకులు దాటడానికి సాయపడాలి, మళ్లీ ఎప్పుడు కలవాలో ఏర్పాటు చేయాలి. అడిగేటప్పుడు రెండు ప్రశ్నలు చాలు: కొంచెం ఆయాసం వచ్చేంత శ్రమ వారంలో ఎన్ని రోజులు చేస్తారు, చేసిన రోజు ఎన్ని నిమిషాలు చేస్తారు. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చే అంకెను, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించిన వారానికి 150 నుంచి 300 నిమిషాలతో పోల్చి చూస్తారు. వేగం సంగతి తెలియడానికి యంత్రమేదీ అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఒక్కో విడత కనీసం 10 నిమిషాలు ఉండాలన్న పాత నియమాన్ని ఆ సంస్థ 2020లో తొలగించిందని తెలిసి మన సభ్యురాళ్లు చాలా సంతోషించారు. అపార్టుమెంటులో ఇంటిపని, మనవల పని మధ్య అరగంట ఒక్కసారిగా తీరిక దొరకని గృహిణికి, మెట్లు ఎక్కడం, మేడ మీద కాసేపు చకచకా నడవడం కూడా లెక్కలోకి వస్తాయని చెప్పగలిగితే ఆమె మొదలుపెట్టే అవకాశం ఉంది.

మొదట్లో విద్యార్థులందరూ అడగడం అనే మెట్టును దాటేసి నేరుగా సలహాకే వెళ్లిపోయారు. దీనికి ఒక ఉదాహరణ చెప్పి తీరాలి. జాలారిపేటలో చేపల వ్యాపారం చేసే మన సభ్యురాలొకరు తన సొంత వివరాలతోనే రోగిగా కూర్చున్నారు. ఎదుట కూర్చున్న అబ్బాయి ఆమె చక్కెర రిపోర్టు చూసి, ‘రోజూ అరగంట నడవాలి పెద్దమ్మా’ అన్నాడు. దానికి ఆమె, ‘తెల్లారకుండా హార్బరుకెళ్లి, బుట్ట నెత్తినెట్టుకుని ఈదులన్నీ తిరుగుతాను గదా, ఇంకా నడవమంటావేటి బాబూ?’ అని అడిగారు. అబ్బాయికి మాట రాలేదు. అధ్యాపకురాలు అతణ్ని మళ్లీ మొదటి నుంచి ప్రారంభించమన్నారు. ఈసారి అతను, ‘పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారో చెప్పండి పెద్దమ్మా’ అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు. ఆమె చక్కెర తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండానే బుట్ట ఎత్తుకుంటున్నారనీ, కొంత పొద్దెక్కేసరికి కళ్లు తిరిగి చెమటలు పడుతున్నాయనీ, దాన్ని ఆమె ఎండదెబ్బ అనుకుంటున్నారనీ అప్పుడు బయటపడింది. తిండితో పాటు వేసుకోవలసిన ఆ మాత్రను ఖాళీ కడుపున మింగి శ్రమ చేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆమెకు కావలసిన సలహా వేరు: తిని బయలుదేరడం, చెంగున కాస్త పంచదార ఉంచుకోవడం, మెత్తని చెప్పులు వేసుకోవడం, రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం, ఈ కళ్లు తిరగడం గురించి తనకు మందులు రాసే డాక్టరుకు వెంటనే చెప్పడం. ఈ ఒక్క సంభాషణ చూశాక మిగిలిన విద్యార్థులు ప్రశ్నలు అడిగే తీరే మారిపోయింది.

ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న సభ్యుడు కూర్చున్న రోజున అధ్యాపకులు చెప్పిన సంగతి అందరికీ ఆసక్తి కలిగించింది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన పరిశీలనలో, రోజంతా సీటులో కూర్చునే బస్సు డ్రైవర్ల కంటే, రెండంతస్తుల బస్సుల్లో మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. శ్రమకూ గుండెకూ ఉన్న సంబంధాన్ని శాస్త్రీయంగా చూపిన తొలి అధ్యయనాల్లో అది ఒకటి. మన సభ్యుడు పదవీ విరమణ తరువాత టీవీ ముందే కూర్చుంటున్నానని ఒప్పుకుని, వారం తిరగకముందే శివాజీ పార్కులో నడక మొదలుపెట్టారు.

సింహాచలం గిరిప్రదక్షిణ గురించిన సాధన మాత్రం చాలా చర్చకు దారితీసింది. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు 32 కిలోమీటర్లు నడవడానికి సిద్ధపడే భక్తుల్లో ఏడాదంతా నడక ఎరుగనివారు, చక్కెర వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవారు, గుండెకు స్టెంటు పడినవారు కూడా ఉంటారు. స్టెంటు పడిన రోగి పాత్రధారి తాను ఈసారి తప్పక నడుస్తానన్నప్పుడు, ఎక్కువమంది విద్యార్థులు ‘వద్దు’ అని ఊరుకున్నారు. అప్పన్న మొక్కును డాక్టరు వద్దన్నంత మాత్రాన మానుకునేవారు మన ప్రాంతంలో అరుదు; వద్దన్న డాక్టరుకు చెప్పకుండా వెళ్తారు, అది మరింత ప్రమాదం. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తున్నాయా అని అడగాలి, వస్తుంటే వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే గుండె వైద్యుడి దగ్గరకు పంపాలి. ఏ ఇబ్బందీ లేనివారిని కూడా గుండె వైద్యుణ్ని సంప్రదించి, కొన్ని వారాల ముందు నుంచి దూరం మెల్లగా పెంచుకోమనాలి. స్పర్శ తగ్గినవారికి ఒట్టికాళ్లతో ఎండకు కాలిన తారురోడ్డు మీద నడిస్తే బొబ్బలు లేచినా తెలియదని వివరించాలి. ఈ భాగాన్ని ఇంత సమగ్రంగా తీర్చిదిద్దిన అధ్యాపకులకు సంఘం ప్రత్యేక కృతజ్ఞతలు తెలుపుతోంది. ఇది విశాఖలో పనిచేయబోయే ప్రతి వైద్యుడికీ తెలియవలసిన విషయమని నా నమ్మకం.

ప్రతి సాధన తరువాత సభ్యులు తమ అభిప్రాయాన్ని విద్యార్థి ఎదుటే చెప్పారు. ‘నా మొహం చూడలేదు, కాగితమే చూశారు’ అన్న మాట మొదట్లో తరచుగా వినిపించింది. ‘నేను చేయగలనో లేదో నన్నే అడిగారు, అది నచ్చింది’ అన్న మాట సంవత్సరం చివరికి ఎక్కువైంది. తాము వ్యాయామం చేసే వైద్యులే రోగులకు దాని గురించి ఎక్కువగా చెబుతారని అనేక పరిశీలనల్లో తేలింది. హాస్టలు, లైబ్రరీ, వార్డుల మధ్య రోజులు గడిపే ఈ పిల్లలు తమ రెండు ప్రశ్నలకు తామే జవాబు రాసుకున్నప్పుడు చాలామందికి 150 దరిదాపుల్లోకి కూడా రాలేదు. వారిలో కొందరు ఆదివారాల్లో మన సభ్యులతో కలిసి ఆర్.కె. బీచ్‌లో నడుస్తున్నారు. 2025 జూన్ 21న ఇదే తీరంలో జరిగిన అంతర్జాతీయ యోగా దినోత్సవంలో పాల్గొని, ఆ తరువాత ఆపేసిన సభ్యులను మళ్లీ కదిలించినది కూడా ఈ పిల్లలే.

ఇంకా కుదరనిది చివరి మెట్టు. విద్యార్థి ఒకసారి మాట్లాడి వెళ్లిపోతే, ఆ సలహా రోగి జీవితంలో నిలిచిందో లేదో అతనికి తెలియదు. అందుచేత వచ్చే సంవత్సరం, ఒకే సభ్యుణ్ని ఒకే విద్యార్థి కొన్ని నెలల వ్యవధిలో మళ్లీ మళ్లీ కలిసేలా ఏర్పాటు చేయాలని కార్యవర్గం తీర్మానించింది. ఎంబీబీఎస్‌లో ఇప్పటికే అమలవుతున్న కుటుంబ దత్తత కార్యక్రమంలో విద్యార్థులు వెళ్లే గ్రామాల్లో కూడా ఈ రెండు ప్రశ్నలు అడిగించాలని అధ్యాపకులను కోరాం, వారు పరిశీలిస్తామన్నారు. గాజువాక, పెందుర్తి వైపు ఉన్న సభ్యులు, ముఖ్యంగా మోకాళ్ల నొప్పులు ఉన్నవారు, ఇన్సులిన్ వాడుతున్నవారు రోగి పాత్రకు ముందుకు రావాలి. ఇలాంటి సమస్యలు ఉన్నవారితో మాట్లాడే అవకాశం విద్యార్థులకు ఈ ఏడాది తక్కువగా దొరికింది. పేర్లు ఇవ్వదలచినవారు సర్వసభ్య సమావేశం ముగియగానే సంయుక్త కార్యదర్శి గారి వద్ద నమోదు చేసుకోవలసిందిగా కోరుతున్నాను. సభ్యుల సొంత వైద్య వివరాలు వారి లిఖితపూర్వక అంగీకారం లేకుండా ఎవరికీ ఇవ్వబడవు.

ఇట్లు,
కార్యదర్శి
విశాఖపట్నం