దెయ్యం సరే, ముసుగు తీసేదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. స్కూబీ డూ అనే అమెరికా కార్టూన్ కొత్త సీక్వెళ్ల మీద అభిమానులు రెండు వర్గాలుగా చీలి తగువులాడుకుంటున్న వైనం గురించి గత ఆదివారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో చిక్కుముడులు విప్పే వెల్మాను భారతీయ మూలాలున్న అమ్మాయిగా మార్చడం తప్పా ఒప్పా, పాత బొమ్మల అందం కొత్తవాటిలో ఉందా లేదా అన్నవన్నీ రాశారు. అసలు పేచీ ఎక్కడుందో ఆ ఒక్కటీ రాయలేదు. చివర్లో పట్టుబడే దెయ్యం మనిషా, నిజంగా దెయ్యమేనా? నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే టీచర్ని. నాకు ఈ ప్రశ్న మీదే పట్టుదల. ఉత్తరం కాస్త పొడుగైంది, మన్నించండి.

నేను ఐదో తరగతిలో ఉండగా మా ఊళ్లో ఏ తలుపు చూసినా ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసి ఉండేది. మీ పాఠకుల్లో నలభై దాటినవాళ్లు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట ఒక ఆడదెయ్యం తెలిసినవాళ్ల గొంతుతో పిలిచి తలుపు తడుతుందని, తీస్తే అంతే సంగతులని, తలుపు మీద ఈ మాట కనిపిస్తే మరుసటి రోజు వద్దామనుకుని వెళ్లిపోతుందని పుకారు. మా నాయనమ్మకు చదువు రాదు. సుద్దముక్క నా చేతికిచ్చి రాయమంది. నేను రావత్తు మరిచిపోయి ‘ఓ స్తీ’ అని రాశాను. పడుకున్నాక ఆ సంగతి గుర్తొచ్చింది. లేచి వెళ్లి దిద్దుదామంటే తలుపు తీయాలి. దెయ్యానికి నా అక్షరదోషం అర్థం కాకపోతే మా గతేమిటని తెల్లవార్లూ మేలుకుని ఉన్నాను.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మా వీధికి కేబుల్ కనెక్షన్ వచ్చింది. దానితోపాటు 1995లో మన దేశంలో మొదలైన కార్టూన్ నెట్‌వర్క్ కూడా. మాటలన్నీ ఇంగ్లిషులోనే, ఒక్క ముక్క బోధపడేది కాదు. స్కూబీ డూ అందులోనే చూశాను. ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు, ఎప్పుడూ తిండి ధ్యాసలో ఉండే ఒక పిరికి కుక్క, పువ్వుల బొమ్మలు వేసిన ఒక వ్యాను. పాడుబడ్డ బంగళా, వెంటపడే దెయ్యం, పరుగులు. ఆఖరికి దెయ్యాన్ని కట్టేసి తలమీది తొడుగు లాగేస్తే లోపల బట్టతల పెద్దమనిషి. అది అర్థం కావడానికి ఇంగ్లిషు అక్కరలేదు. ఊరి చివర మామిడితోటలో కొరివిదెయ్యం తిరుగుతుందని మమ్మల్ని అటు పోనిచ్చేవారు కాదు. మద్యనిషేధం ఉన్న ఆ కాలంలో అక్కడ నాటుసారా కాచేవారని పెద్దయ్యాక తెలిసింది. అమెరికా కుక్క చెప్పిన కథ మా మామిడితోటకు ఎంత చక్కగా సరిపోయిందో!

అభిమానులు ఒట్టు పెట్టుకునే ‘ఒరిజినల్’ 1969 సెప్టెంబరు 13న అమెరికా టీవీ ఛానల్ సీబీఎస్‌లో మొదలైంది. పిల్లల కార్టూన్లలో కొట్లాటలు మితిమీరాయని అప్పట్లో అమెరికా తల్లిదండ్రులు గొడవ చేస్తుండటంతో, దెబ్బలాటలు లేని రహస్య కథ ఒకటి కావాలని ఆ ఛానల్ అధికారి ఫ్రెడ్ సిల్వర్‌మన్ కార్టూన్లు తీసే హన్నా బార్బెరా సంస్థను అడిగాడు. జో రూబీ, కెన్ స్పియర్స్ కథ అల్లారు, ఇవావో తకమోటో బొమ్మలు గీశాడు. మరీ భయంగా ఉందని పైవాళ్లు పెదవి విరిస్తే మూల ఉన్న కుక్కను ముందుకు తెచ్చి నవ్వులు కలిపారు. గాయకుడు ఫ్రాంక్ సినాట్రా పాట చివర్లో తీసే ‘డూబీ డూబీ డూ’ అనే కూనిరాగంలోంచి దానికి పేరు పెట్టారు. అంటే ఈ ఒరిజినల్ తెర మీదికి రాకముందే ఒకసారి మారిపోయిందన్నమాట. పాతదాన్ని ముట్టుకోవద్దనే వర్గంవారు ఇది కొంచెం గుర్తుపెట్టుకోవాలి.

మొదట వచ్చిన ఆ 25 కథల్లో నిజమైన దెయ్యం ఒక్కటీ లేదు. ఒక కథలో రోబో ఉంటుంది గాని, దెయ్యం మాత్రం లేదు. మిగతా వాళ్లంతా బంగారం కోసమో భూమి కోసమో దొంగసరుకు కోసమో వేషం కట్టిన మనుషులే. ఆ తరువాత రకరకాల మార్పులు చేశారు. 1979లో స్క్రాపీ అనే బుల్లి కుక్కను తెచ్చారు, దాన్ని తిట్టని అభిమాని లేడు. 1985లో పదమూడు దెయ్యాలంటూ ఒక సిరీస్ తీశారు. అవన్నీ నిజం దెయ్యాలే. పదమూడోది దొరకకుండానే సిరీస్ ఆగిపోయింది, దాని సంగతి తేల్చడానికి 2019 దాకా పట్టింది! ఇక ఆ బృందంలోని తిండిపోతు కుర్రాడు షాగీ శాకాహారి ఎందుకయ్యాడని విసుక్కునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొదటినుంచీ అతనికి గొంతు ఇచ్చిన కేసీ కేసమ్ శాకాహారి. 1995లో బర్గర్ల ప్రకటనకు షాగీ గొంతుతో మాట్లాడమంటే కాదని వదిలేసి పోయాడు. పాత్రను కూడా శాకాహారిగా మారిస్తేనే వస్తానని చెప్పి 2002లో తిరిగి వచ్చాడు. ఒక మనిషి మాట మీద నిలబడటం వల్ల జరిగిన మార్పు అది. నాకైతే నచ్చింది.

అసలు తగువు 1998లో వచ్చిన జాంబీ ఐలాండ్ సినిమాతో మొదలైంది. ప్రతిసారీ ముసుగు కింద మనిషే ఉండటంతో విసుగెత్తిన బృందం విడిపోయి, మళ్లీ కలిసి లూసియానా చిత్తడి నేలల్లోని ఒక దీవికి వెళ్తుంది. అక్కడి శవాలు నిజంగానే లేచి నడుస్తాయి. తొడుగు అనుకుని లాగితే తల ఊడి వస్తుంది. సైన్సు టీచర్ని కాబట్టి నేను దీన్ని తిట్టాలి. కానీ తిట్టలేను. ముసుగు ఉంటుందని చూసేవాళ్లకు అలవాటైన తరువాతే కదా ఆ దెబ్బ కొట్టారు. ఆటకు నియమం ఉందని తెలిసినవాళ్లు ఒక్కసారి కావాలని తప్పారు.

నాకు కోపం తెప్పించింది 2019లో దానికి తీసిన సీక్వెల్. ఆ దీవిలో చూసినదంతా చిత్తడి వాయువు వల్ల కలిగిన భ్రమ అయి ఉంటుందని అందులో వెల్మా చేత అనిపించారు. హేతువాదం గెలిచింది గదా, ఇక మీ పేచీ ఏమిటమ్మా అని మీరు అడగవచ్చు. పాత కథల్లో వెల్మా ఊరికే ‘భ్రమ’ అని చేతులు దులుపుకునేది కాదు. తీగ చూపేది, ప్రొజెక్టరు చూపేది, చీకట్లో మెరిసే రంగు ఎక్కడ పూశారో చూపేది. ఋజువు పెట్టకుండా దెయ్యం ఉందనడం ఎటువంటిదో, ఋజువు పెట్టకుండా అంతా వాయువే అనడమూ అటువంటిదే. ఆ సీక్వెల్ మీద అభిమానులు విరుచుకుపడ్డారంటే వాళ్లను మూఢులని కొట్టిపారేయడానికి లేదు. లెక్క చేసిన తీరు చూపకుండా జవాబు మాత్రం వేస్తే మా బడిలో మార్కులు పడవు.

ఏటా ఎనిమిదో తరగతి పిల్లలకు నేనొక గారడీ చేస్తాను. నిమ్మకాయ మీద కుంకుమ పెట్టి, ఏదో మంత్రం గొణిగి, కత్తితో కోస్తాను. ఎర్రగా కారుతుంది. ముందు బెంచీ ఆడపిల్లలు వెనక్కి జరుగుతారు. తరువాత బల్ల కింద దాచిన మందారపూలు తీసి, వాటితో కత్తిని ముందే రుద్దానని చెప్పి, కోసిన కత్తిని కడిగి ఇంకొకరి చేతికి ఇస్తాను. వాళ్లు రుద్ది కోస్తే మళ్లీ ఎరుపు. పువ్వు లేకుండా కోస్తే మామూలు నిమ్మరసం. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా చూపించే గారడీల్లోది ఇది, నా సొంతం కాదు. రెండోసారి కోసినప్పుడు ఆ పిల్లల ముఖాలు చూడాలి. మొదటిసారి కంటే అప్పుడే ఎక్కువ అల్లరి చేస్తారు.

ఇక వెల్మా పేరుతోనే 2023లో వచ్చిన సిరీస్ సంగతి. డాలస్‌లో ఉంటున్న మా చెల్లెలు ఫోన్ చేసి, ‘అక్కా, వెల్మా మన పిల్లట, మన మూలాలున్న నటి మిండీ కేలింగ్ గొంతు ఇచ్చిందట’ అని మురిసిపోతూ చెప్పింది. రెండు రోజుల తరువాత మళ్లీ ఫోను. తొమ్మిదేళ్ల కొడుకు కార్టూనే కదా అని పెట్టుకున్నాడట, తను వంటింట్లోంచి వచ్చేసరికి తెర మీద అమ్మాయిల స్నానాల గది. అది పెద్దలకు మాత్రమే అని తీసిన సిరీస్. వాళ్లు ఆ ముక్క దాచలేదు. బొమ్మలుంటే పిల్లలదే అని మనమే అనుకుంటాం. వెల్మా మన పిల్ల కావడం మీద నాకే అభ్యంతరమూ లేదు, సంతోషమే. అయితే స్కూబీ లేకుండా స్కూబీ కథ ఏమిటో నాకు అర్థం కాలేదు. రెండు సీజన్లు నడిచి 2024లో ఆగిపోయింది. రంగు మార్చినందుకే పోయిందని కొందరు చంకలు గుద్దుకుంటున్నారు. వాళ్లతో నన్ను కలపవద్దని మనవి.

ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ నటులతో కొత్త సిరీస్ తీస్తున్నట్లు 2025లో ప్రకటించింది. ఒక అతీంద్రియ హత్యను చూసి ఉండవచ్చనిపించే కుక్కపిల్ల చుట్టూ కథట. ‘ఉండవచ్చు’ అన్న ఆ ఒక్క మాట మీదే నేను ఆశ పెట్టుకున్నాను.

మీకు రెండు మనవులు. టీవీలో, ఫోన్లలో వచ్చే కార్యక్రమాల గురించి మీ ఆదివారం సంచికలో రాసేటప్పుడు అది ఏ వయసువారికో కూడా వేయండి, బొమ్మల సినిమాలకైతే తప్పనిసరిగా. రెండోది, తెలుగులో పిల్లల కార్యక్రమాలు వేసే ఛానళ్లకు మీ ద్వారా చెప్పుకుంటున్నాను. ఆ పాత 25 కథలను మంచి తెలుగులో డబ్బింగ్ చేసి వేసవి సెలవుల్లో వేయండి. కుక్క చేత యాస జోకులు వేయించనక్కరలేదు.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు, తూర్పు గోదావరి జిల్లా

తా.క.: ఈ ఉత్తరం రాస్తూ మా పదకొండేళ్ల అమ్మాయికి మొట్టమొదటి కథ చూపించాను. మ్యూజియంలో నల్ల కవచం ఒకటి, పున్నమి రాత్రి దానికి ప్రాణం వస్తుందని ప్రతీతి. సగం కూడా కాకముందే, ‘కవచంలో ఉన్నది ఆ మ్యూజియం ఆయనే’ అంది. నిజమే, అసలు వర్ణచిత్రాలు కాజేసి నకిలీవి తగిలిస్తున్నది ఆయనే. ఎలా కనిపెట్టావే అంటే, ‘దెయ్యం కథ చెప్పింది ఆయనే కదమ్మా’ అంది.