శిరాడి ఘాట్‌లో ఆగిన లారీ అన్నకు

పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన ఆ లారీ డ్రైవరన్నకు, బెంగళూరు నుంచి మంగళూరు వైపు కార్లు నడిపే మా తెలుగువాళ్లందరి తరఫున కృతజ్ఞతలు. సకలేశపుర కాఫీ తోటలు దాటాక గుండ్య దాకా దిగుడే దిగుడు. ఒకపక్క లోయలో కెంపుహొళె నది, ఇంకోపక్క వానకు జారే మట్టిగట్టు.

అక్కడ బ్రేకులు వేడెక్కి ఆగిపోయిన మాకోసం లారీ ఆపి, ‘ఎక్కే గేర్‌లోనే దిగాలి’ అన్నారు మీరు. రెండో గేర్‌లో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకులదే. కాలు తియ్యకుండా తొక్కిపడితే ముందు మాడు వాసన, తర్వాత పెడల్ స్పాంజిలా మెత్తబడి లోపలికి పోతుంది. పెడల్ ఒత్తిడిని చక్రాల దాకా చేర్చే బ్రేక్ ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు చేరడం వల్ల అది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చిన పాతది 155 దగ్గరే మరగొచ్చు. రెండేళ్లకోసారి మార్చమని మెకానిక్ చెప్తే డబ్బు గుంజడానికే అనుకుంటాం!

కాలుతున్న బ్రేక్ డిస్క్ మీద నీళ్లు పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపారు చూడండి, అదే అసలు మేలు. పోస్తే డిస్క్ వంకరపోతుంది, పగలొచ్చు కూడా. హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్‌లో ఉంచి, చక్రాలకు రాళ్లు పెట్టి, అరగంట ఊరికే వదిలేయడమే మందు. బయల్దేరేటప్పుడు ఆ రాళ్లు రోడ్డు మీద వదలొద్దని గుర్తుచేసిందీ మీరే. పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదురుగా తెల్లగోడే, లో బీమ్ చాలు.

ఎప్పుడైనా ఆ దారిలో కనిపిస్తే ఒక హారన్ కొట్టండన్నా, సకలేశపురలో కాఫీ మాది.