సెలవులిచ్చేలోగా

చిట్టీ,

కాలువలకి నీళ్ళు ఆపేశారు. మామిడికాయకి ఇంకా టెంక ముదరలేదు, ఆవకాయ నువ్వొచ్చాకే. నువ్వు ఫోను చేసి పదిహేను రోజులైంది. రాత్రిళ్ళు దగ్గు తగ్గిందా? మిరియాల పాలు తాగుతున్నావా?

చిన్నోడు ఎవరిదో రంగుపెన్సిళ్ళ డబ్బా తెచ్చాడనీ, అడిగితే టీచరిచ్చిందన్నాడనీ పిన్ని చెప్పింది. "ఇంత ఫీజు కడుతున్నాం, బుద్ధులు బడివాళ్ళు నేర్పద్దా" అన్నావట. ఊరికే గుర్తొచ్చి రాస్తున్నాను.

నాన్నగారి మోకాలు పర్వాలేదు. నూనె రాస్తున్నాను.

చట్టం ప్రకారం చూసినా చిన్న తరగతుల్లో టీచరుకి 30 మంది పిల్లలు. వరసలో నిలబడడం, వంతు వచ్చేదాకా ఆగడం ఆవిడే నేర్పాలి. అవి పదిమందిలోనే వస్తాయి, ఇంట్లో రావు. కానీ వాడి సంచిలో కొత్త వస్తువు కనబడేది నీకే కదమ్మా.

పెద్దత్త మనవడు పక్కవీధి పిల్లాడి బొంగరం తెచ్చినప్పుడు అత్త "నువ్వు తీశావా?" అని అడగలేదు. తెలిసి అడిగితే అబద్ధానికి మనమే దారి చూపినట్టు. "ఇది మనది కాదు, సాయంత్రం ఇచ్చొద్దాం" అంది. పదిమందిలో కాకుండా వాళ్ళింటికే తీసుకెళ్ళింది. తను గుమ్మం దగ్గరే ఆగి, వాడి చేతే ఇప్పించింది. "నీది తీశాను, ఇదిగో" అన్నాడు, అంతే. తిరిగొచ్చాక ఆ ఊసెత్తలేదు. అంతా బాగానే చేసింది, కానీ పిల్లాడు చిన్నబుచ్చుకున్నాడని బావగారు ఆ రాత్రే కొత్త బొంగరం కొన్నారు. నెల తిరక్కుండా గోళీలు తెచ్చాడు. తెస్తే కొత్తది వస్తుందని లెక్క కుదిరింది వాడికి. రెండోసారి మళ్ళీ అలాగే ఇప్పించి, ఏమీ కొనకుండా ఊరుకున్నారు. ఆగింది.

నువ్వూ పెన్సిళ్ళు కొనకు. అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టించు. ఒకటి అరిగినా చెప్పి ఇమ్మను. సెలవులిచ్చేలోగా అయిపోవాలి, ఆ పిల్లాడు ఊరెళ్ళిపోతే జూన్ దాకా ఆ డబ్బా మీ ఇంట్లోనే ఉంటుంది. కొట్టకు, తిండి మాన్పించకు. కొడితే దాచడం నేర్చుకుంటాడు.

ఇంకొకటి, కోప్పడకు. సంక్రాంతికి బస్సులో కండక్టరుతో "నాలుగేళ్ళే" అన్నానని చిన్నోడే నాకు గొప్పగా చెప్పాడు. అల్లుడుగారు నేర్పారట. ఆయనతో నెమ్మదిగా నువ్వే చెప్పు, నేనంటే బాగోదు.

పూతరేకులు చెప్పి ఉంచాను. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు ఎండకి వాడి తలకి తువ్వాలు చుట్టు. వాడికి ఐదు నిండి ఏడు నెలలైంది, అర టికెట్టు అడిగి తీసుకో. వాడి చేతికే ఇవ్వు.

అమ్మ