మనిషి ప్రాణం పోయిన బండి మా షెడ్డుకు వచ్చినప్పుడు: మా కస్టమర్లకు ఒక వివరణ

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోని మా షెడ్డులో టింకరింగు, పెయింటింగు, పాత కార్ల పనులు చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. కొంతకాలంగా మా దగ్గర బండ్లు చెప్పిన తేదీకి అందడం లేదని మీలో చాలామంది అడుగుతున్నారు. వెనుకనున్న చిన్న షెడ్డుకు తెర ఎందుకు కట్టామని, అందులోని కారును ఎవరికీ ఎందుకు చూపించడం లేదని అడిగినవారు కూడా ఉన్నారు. ఇంట్లో మనిషి ఏ వాహనంలో చనిపోయారో ఆ వాహనాన్నే బాగుచేసి ఇమ్మని వచ్చే కుటుంబాలు మా దగ్గర ఎక్కువయ్యాయి. ఆ పనిని మేము మానుకోము, అయితే ఇకపై దానిని ఏ పద్ధతిలో చేస్తామో, ఏది చేయబోమో స్పష్టంగా చెప్పవలసిన అవసరం వచ్చింది కనుక ఇది రాస్తున్నాను.

అలాంటి బండి అనగానే అందరికీ నుజ్జునుజ్జయిన కారే గుర్తుకు వస్తుంది, కానీ ఇప్పుడు తెర వెనుక ఉన్న అంబాసిడర్ మీద ప్రమాదం తాలూకు గీత ఒక్కటి కూడా లేదు. అది తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబానిది. ఇంటి పెద్దాయనకు గుండెనొప్పి వస్తే వెనుక సీట్లో పడుకోబెట్టి గుంటూరు ఆసుపత్రికి తీసుకువెళ్తుండగా దారిలోనే ఆయన ప్రాణం పోయింది. ఆ తరువాత కొడుకులు ఆ కారులో కూర్చోలేకపోయారు, అమ్మడానికి కూడా వారికి మనసు ఒప్పలేదు, దాంతో అది ఇంటి పక్కన పట్టా కింద ఏళ్ల తరబడి ఉండిపోయింది. దానిని మళ్లీ నడిపించాలని అడిగింది ఆయన భార్యే. ఆమె మా షెడ్డుకు స్వయంగా వచ్చి, ఇంజను ఏమైనా చేయండి గానీ వెనుక సీటును మాత్రం తీసి పారేయవద్దని చెప్పి వెళ్లారు.

వినడానికి చిన్న కోరికే అయినా పని మొత్తం తీరును అదే మార్చింది. సీటు లోపలి కొబ్బరి పీచు పూర్తిగా కుళ్లిపోయింది, రెగ్జిను పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడి వస్తోంది, అయితే అడుగునున్న ఇనుప ఫ్రేము, స్ప్రింగులు గట్టిగా ఉన్నాయి. కొత్త సీటు తెచ్చి బిగించడం మాకు సులభం, ఖర్చు కూడా తక్కువ. అలా చేయకుండా ఫ్రేమునూ స్ప్రింగులనూ తుప్పు గీకి, ప్రైమరు కొట్టి, అదే ఫ్రేము మీద కొత్త పీచు పరిచి, పాత రంగుకు దగ్గరగా ఉన్న రెగ్జినుతో కుట్టిస్తున్నాం. పాత రెగ్జినులో చినగని భాగాన్ని మడతపెట్టి ఆమెకు అప్పగిస్తాం. హిందుస్తాన్ మోటార్స్ 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసినా విడిభాగాలు ఆటోనగర్‌లోనూ కలకత్తాలోనూ ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి, కాబట్టి బ్రేకు సిలిండర్లకు, రబ్బరు బుష్‌లకు పెద్దగా ఇబ్బంది లేదు. ఆలస్యమంతా ప్లాట్‌ఫాం, అంటే కారు అడుగు రేకు దగ్గరే జరుగుతోంది. పట్టా కింద తేమ చేరి, తలుపుల అడుగుభాగమూ డిక్కీ నేలా చిల్లులు పడ్డాయి. కుళ్లిన రేకు మీద పుట్టీ పూసి రంగు కొడితే కంటికి కొత్త కారులాగే ఉంటుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి కాలు కిందికి దిగుతుంది. అందుకే కుళ్లినంత మేర కోసి కొత్త రేకు అతుకుతున్నాం.

ప్రమాదంలో నలిగిన కార్ల విషయం వేరు. అక్కడ కుటుంబం కోరికకూ మా తీర్పుకూ పొత్తు కుదరని సందర్భాలు ఉంటాయి. హైదరాబాదు రోడ్డులో నందిగామ దగ్గర లారీని వెనుక నుంచి ఢీకొన్న ఒక చిన్న కారు ఆమధ్య మా దగ్గరకు వచ్చింది. నడుపుతున్న అబ్బాయి అక్కడే చనిపోయాడు. అతన్ని బయటకు తీయడానికి రెస్క్యూ వారు మధ్య పిల్లరును (ముందు, వెనుక తలుపుల మధ్య పైకప్పును మోసే నిలువు కమ్మీని) కట్టరుతో కోయవలసి వచ్చింది. ఎంత ఖర్చయినా సరే, అబ్బాయి కొనుక్కున్నప్పుడు ఎలా ఉందో అలా చేసి ఇమ్మని తండ్రి అడిగారు. నేను చేయనని చెప్పాను. ఈ కాలపు కార్లలో పిల్లర్లు, రన్నింగు బోర్డు లోపలి పట్టీలు చాలా గట్టి ఉక్కుతో చేస్తారు. వేడిమి మీద ప్రత్యేకంగా గట్టిపరచిన ఆ ఉక్కును మళ్లీ గ్యాసుతో కాల్చి లాగితే దాని బలం పోతుంది. విరిగిన ఎముక అతుక్కున్నట్లు అది అతుక్కోదు. పైన రంగు వేశాక లోపలి అతుకు ఎవరికీ కనబడదు, మరో దెబ్బ తగిలిన రోజున మాత్రమే తెలుస్తుంది. "బాబాయిగారూ, రేపు ఈ సీట్లో మీ మనవడు కూర్చుంటాడు, ఈ పిల్లరు మీద నాకు నమ్మకం లేదు" అని చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు గేరు నాబు, డ్యాష్‌బోర్డు మీదున్న చిన్న వినాయకుడి బొమ్మ, తాళంచెవుల గుత్తి విప్పి ఇమ్మన్నారు. కారు నమోదైన స్క్రాపింగు కేంద్రానికి వెళ్లింది, ఆర్‌సీని రద్దు చేయించారు. ఆ కుటుంబం దగ్గర మేము విప్పిన కూలి కూడా తీసుకోలేదు, కానీ పని ఒప్పుకోకపోవడం మీద నాకు ఏ సందేహమూ లేదు.

ఎయిర్‌బ్యాగుల గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. తెరుచుకున్న ఎయిర్‌బ్యాగు మళ్లీ పనికిరాదు. దానితోపాటు దెబ్బ సమయంలో బెల్టును బిగించి లాగే ప్రిటెన్షనరు కూడా ఒక్కసారికే పనిచేస్తుంది. ఈ రెండింటినీ, కంపెనీ చెప్పినచోట కంట్రోలు యూనిట్‌నూ, సెన్సార్లనూ కొత్తవి వేయాలి. ఇది ఖరీదైన పని కనుక కొందరు పాత మార్కెట్లో ఎయిర్‌బ్యాగు కొని తెస్తారు, మరికొందరు డ్యాష్‌బోర్డులోని హెచ్చరిక దీపం ఆరిపోయేలా వైరులో ఒక రెసిస్టరు పెట్టించమంటారు. ఒక మనిషి చనిపోయిన కారులో ఆ పని చేసి మరొకరికి తాళాలు ఇవ్వడం మా చేతుల మీదుగా జరగదు. ఎయిర్‌బ్యాగులు లేని పాత కారు అయినా సరే, ప్రమాదంలో మనిషి బరువు మోసిన బెల్టు నార సాగి ఉంటుంది, బయటికి బాగానే కనిపించినా దానిని మారుస్తాం.

కాగితాల విషయం చాలా కుటుంబాలకు తెలియదు, దుఃఖంలో ఉన్నవారికి చెప్పేవారూ ఉండరు. ప్రమాదం మీద కేసు నమోదైతే బండి పోలీసుల స్వాధీనంలోకి వెళ్తుంది, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు దానిని పరీక్షించి నివేదిక ఇస్తారు. బండిని తాత్కాలికంగా విడిపించుకోవడానికి కోర్టులో దరఖాస్తు చేసుకోవాలి. ఇదివరకు సీఆర్‌పీసీ (పాత నేర విచారణ చట్టం) 451వ సెక్షను కింద జరిగిన ఈ పని 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 497వ సెక్షను కిందికి వచ్చింది. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఎండకూ వానకూ వదిలేయకుండా ఫొటోలు, పంచనామా తీసుకొని తగిన పూచీ మీద విడుదల చేయాలని సుప్రీంకోర్టు 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది కనుక నెలల తరబడి చూస్తూ కూర్చోవలసిన పని లేదు. అయితే విడుదల ఉత్తర్వులో కేసు తేలేవరకు బండి రూపు మార్చకూడదని, అమ్మకూడదని షరతు పెట్టడం మామూలు. ఆ షరతు ఉంటే కోర్టు అనుమతి తెచ్చేవరకు మేము ఒక్క నట్టు కూడా విప్పము. ఇన్సూరెన్సు క్లెయిము ఉంటే సర్వేయరు చూడకముందు కూడా విప్పము.

బాగుచేయడానికి అయ్యే ఖర్చు పాలసీలో రాసిన బండి విలువలో 75 శాతం దాటితే ఇన్సూరెన్సు కంపెనీ దానిని టోటల్ లాస్‌గా (పూర్తి నష్టంగా) లెక్కిస్తుంది. అంటే పాలసీలో విలువ 4 లక్షలు ఉంటే ఖర్చు 3 లక్షలు దాటినప్పుడు ఈ మాట వస్తుంది. అప్పుడు ఆ బండిని ఉంచుకోవాలా వద్దా అన్నది సంతకాలు పెట్టకముందే ఆలోచించుకోండి, తరువాత మా దగ్గరకు వచ్చి బాధపడినవారున్నారు. నడుపుతున్న వ్యక్తే యజమాని అయి, లైసెన్సు చెల్లుబాటులో ఉంటే, పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. బండి డబ్బు గురించి తిరిగే హడావిడిలో దీన్ని అడగడమే మరచిపోతారు. యజమాని మరణించినప్పుడు 30 రోజుల లోపల రవాణా శాఖకు తెలియజేస్తే వారసులు మూడు నెలల వరకు బండిని వాడుకోవచ్చు, ఆ మూడు నెలల లోపలే ఫారం 31తో పేరు మార్పిడికి దరఖాస్తు చేయాలి. తెనాలి వారి అంబాసిడర్‌కు ఈ పని అప్పట్లో జరగలేదు, ఫిట్‌నెస్ రెన్యువలూ కాలేదు, అందువల్ల రేకు పనితోపాటు కాగితాల పని కూడా ఇప్పుడు నడుస్తోంది.

ఇక మా కుర్రాళ్ల గురించి. రక్తం పడిన బండిని ఇదివరకు మామూలు వాటరు సర్వీసుకు పంపేవారు, ఇప్పటికీ చాలాచోట్ల అదే జరుగుతోంది. ఎండిన రక్తంలో కూడా హెపటైటిస్-బి వైరసు కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అందుకని ఆ పని చేసే మా కుర్రాళ్లందరికీ టీకాలు వేయించాం. మొదటి డోసు తరువాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది పడాలి. మూడూ పూర్తయినవారే తెర లోపలికి వెళ్తారు, మాకు మనుషులు చాలకపోవడానికి అదొక కారణం. రక్తపు మరకకు వేడినీళ్లు తగిలితే అది గుడ్డలో గట్టిగా పట్టుకుపోతుంది కనుక మొదట చల్లని నీళ్లే వాడతాం. ఫోములోకి ఇంకినది కడిగితే పోయేది కాదు, ఫోము మార్చవలసిందే. కార్పెట్ కింద ఫెల్టు ఉంటుంది, దాని కిందనే వైరింగు పోతుంది, సీటు బోల్టుల చుట్టూ చేరిన తడి నెలలు గడిచాక తుప్పుగా బయటపడుతుంది. అందువల్ల సీట్లు, కార్పెట్ మొత్తం బయటకు తీసి, 5 శాతం హైపోక్లోరైటు (బ్లీచింగు ద్రావణం) ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు కలిపి తుడిచి, అది ఇనుమును తినేస్తుంది కాబట్టి మళ్లీ మంచినీళ్లతో తుడిచి ఆరబెడతాం. మే నెల ఎండలో అద్దాలు మూసి ఉంచిన కారు తలుపు తీసినప్పుడు ఎలా ఉంటుందో ఇక్కడ రాయను. కుటుంబసభ్యులను ఆ దశలో లోపలికి రానివ్వకపోతే కోపగించుకోవద్దని మాత్రం కోరుతున్నాను.

ఆ బండ్లను ఫొటో తీయవద్దని షెడ్డులో అందరికీ చెప్పాం. ఇన్సూరెన్సుకు కావలసిన ఫొటోలు నా ఫోనులో ఉంటాయి, బిల్లు తీరాక కుటుంబానికి ఇచ్చి తుడిచేస్తాం. ముందు ఎలా ఉంది, తరువాత ఎలా అయింది అని మా పేజీలో పెట్టే ఫొటోలలో ఈ బండ్లు మీకు ఎప్పుడూ కనిపించవు. అమ్మకానికి సిద్ధం చేయమని అడిగేవారికి మరో మాట. మేము ఇచ్చే బిల్లులో ఏ పిల్లరు, ఏ పట్టీ, ఏ ఎయిర్‌బ్యాగు మార్చామో పూర్తిగా రాస్తాం, ప్రమాదం జరగని బండిగా చూపించడానికి వీలైన బిల్లు ఇవ్వము.

మైల తీరేవరకు బండిని ముట్టుకోకూడదని అనేవారు, పెద్దకర్మ అయ్యాకే పంపేవారు, పని పూర్తయ్యాక ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించి గానీ ఇంటికి తీసుకువెళ్లనివారు, ఫాతిహా చదివించేవారు, గుణదల మాత గుడి దగ్గర ఆపి ప్రార్థించి వెళ్లేవారు, అందరూ మా దగ్గరకు వస్తారు. ఎవరి ఆచారానికి తగ్గట్టు వారికి తేదీ ఇస్తాం. మా పెయింటరు ఒకరు ఇలాంటి బండి మీద పనిచేయలేనన్నారు, ఆయన్ను బలవంతపెట్టలేదు.

డబ్బు విషయంలో దాపరికం లేదు. సామాన్లు కొన్న ధరకే వేస్తాం, కూలి మాత్రం మామూలు పనికన్నా ఎక్కువే అవుతుంది, ఎందుకంటే పని నెమ్మదిగా సాగుతుంది, వాడిన గుడ్డలూ ఫోమూ వేరుగా పారవేయాలి. చాలా బండ్లకు ఈ ఖర్చు మార్కెట్ విలువను దాటుతుంది. ఆ మాట ఎస్టిమేటు రోజునే చెబుతాం, విన్న తరువాత కూడా చేయించుకోవాలని అనుకుంటే అది మీ ఇష్టం, మేము దానిని తప్పుపట్టము.

ఈ నెల నుంచి ఇలాంటి బండి ఒక సమయంలో ఒక్కటే తీసుకుంటాం. అందువల్ల మిగిలిన పనులకు మేము ఇచ్చే తేదీలు ఇదివరకటికన్నా దూరంగా ఉంటాయి, తొందర ఉన్నవారికి పక్క షెడ్లలో నమ్మకస్తులైన మేస్త్రీల పేర్లు చెబుతాం. మనిషిని పోగొట్టుకున్న బండి తెచ్చేవారు ఆర్‌సీ, పాలసీ, మరణ ధ్రువీకరణ పత్రం, కేసు ఉంటే కోర్టు ఉత్తర్వు నకలు వెంట తీసుకురండి. బండిలోని ఏ వస్తువును ఉంచాలో, దేనిని మార్చాలో, దేనిని విప్పి మీకు అప్పగించాలో ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకొని రండి, ఎందుకంటే విప్పడం మొదలుపెట్టాక అడిగితే కొన్ని తిరిగి ఇవ్వడం సాధ్యం కాదు. రోడ్డు మీద తిరగడానికి ఆ బండి పనికివస్తుందా లేదా అన్నది మాత్రం లిఫ్టు మీద పెట్టి చూశాక మేమే చెబుతాం. సాయంత్రం ఆరు తరువాత షెడ్డులో రద్దీ ఉండదు, నింపాదిగా మాట్లాడుకోవాలనుకునేవారు ఆ సమయానికి రావచ్చు.