మురళికి, మీ సెల్లార్‌లో పోయిన బండి గురించి

ఒరేయ్ మురళీ,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. మీ సెల్లార్‌లో బండి పోయిందని, వాచ్‌మన్ బామ్మర్ది ఒకసారి జైలుకెళ్ళొచ్చాడు కాబట్టి అసోసియేషన్ తరఫున అతని పేరే పోలీసులకి ఇచ్చామని చెప్పి, చివర్లో "వాళ్ళకది రక్తంలోనే ఉంటుందిరా" అన్నావు. అప్పుడే వాదిస్తే గొడవైపోతుందని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మొన్న చెల్లెలి ఇంటికని ఒంగోలు పాసింజర్ ఎక్కాను. బాపట్ల దాటాక, దొంగల ఊరని పేరు పడ్డ స్టూవర్టుపురంలో ఓ కాలేజీ పిల్ల ఎక్కింది, చేతిలో అట్టలేసిన రికార్డు పుస్తకం. నా ఎదురుగా ఉన్నావిడ కిటికీలోంచి స్టేషన్ బోర్డు చూసింది, ఆ పిల్లని చూసింది, మెడలో గొలుసు పమిట లోపలికి తోసుకుని కాళ్ళ దగ్గరున్న బ్యాగు ఒళ్ళోకి తీసుకుంది. ఆ పిల్ల అదంతా గమనించింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా చీరాల దాకా తలుపు దగ్గరే నిలబడింది.

నువ్వన్న ఆ "రక్తంలో ఉంటుంది" అనే మాటనే బ్రిటిష్ వాళ్ళు 1871లో చట్టం చేశార్రా. క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, మన ఎరుకలవాళ్ళ మీద పడింది. అంతకుముందు వాళ్ళు ఏం చేసేవాళ్ళో తెలుసా? కోస్తా నుంచి గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్ళు. సర్కారు ఉప్పు మీద పెత్తనం చేసింది, రైలు వచ్చి మిగిలిన వ్యాపారం లాక్కుంది, అడవి చట్టాలు వచ్చి బుట్టలల్లే వెదురు కూడా అందకుండా చేశాయి. బతుకుతెరువు పోయినవాళ్ళలో కొందరు దొంగతనాలకి దిగారు, నిజమే. కానీ శిక్ష మాత్రం పుట్టిన ప్రతివాడికీ పడింది. పేరు రిజిస్టర్‌లో ఎక్కించి, వేలిముద్రలు తీసుకుని, రోజూ హాజరు పలికించుకుని, ఊరు దాటాలంటే పాసు చేతిలో పెట్టేవాళ్ళు. స్టూవర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థవాళ్ళకి అప్పగించారు, చీరాల పొగాకు కంపెనీకి కూలీలు అక్కడ్నుంచి కూడా వెళ్ళారు. ఒక మనిషిని బాగుచేయడమంటే కంచె లోపల పెట్టి కూలికి పంపడమా, నువ్వే చెప్పు.

1936లో నెల్లూరు వచ్చినప్పుడు నెహ్రూ ఈ చట్టాన్ని గట్టిగా ఖండించాడు. అయినా స్వతంత్రం వచ్చిన ఐదేళ్ళకి, 1952 ఆగస్టు 31న గానీ అది పోలేదు. పోయినా పేరు పోయింది కానీ పద్ధతి పోలేదు. దాని స్థానంలోకి అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి. జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచడం, ఆ చట్టం నుంచి బయటపడ్డ ఈ విముక్త జాతులవాళ్ళని పుట్టు నేరస్థుల్లా రాయడం తప్పని సుప్రీంకోర్టు చెప్పింది కూడా 2024 అక్టోబర్‌లోనే!

అమెరికాలో హోవార్డ్ బెకర్ అనే సోషియాలజిస్టు 1960ల్లో చెప్పిన మాట ఒకటుంది. నేరస్థుడన్నది మనిషి లోపల ఉండే గుణం కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు అతికించే ముద్ర అని. ఆ ముద్ర పడ్డాక పని దొరకదు, ఇల్లు అద్దెకివ్వరు, ఏది పోయినా ముందు ఆ ఇంటి తలుపే కొడతారు. అప్పుడు అతన్ని రమ్మనేది పాత స్నేహితులే. అతను మళ్ళీ దొరికితే "చూశావా, చెప్పానా" అంటాం. ఫ్రాన్స్ సోషియాలజిస్టు డర్క్‌హైమ్ అయితే అంతకుముందెప్పుడో, శిక్ష తప్పు చేసినవాడి కోసం కన్నా చూసేవాళ్ళ కోసమే ఎక్కువ అన్నాడు. ఆలోచించు, ఎప్పుడూ మెయింటెనెన్స్ గురించి కొట్టుకునే మీవాళ్ళంతా ఆ రోజు ఒక్క మాట మీదకొచ్చారని నువ్వే చెప్పావు.

బండి పోయిన మనిషి బాధ చిన్నదని నేననట్లేదురా. తీసినవాడు దొరికితే శిక్ష పడాల్సిందే. కానీ సెల్లార్‌లో కెమెరా ఆరు నెలలుగా పనిచేయట్లేదని నువ్వేగా అన్నావు? మరి ఏ ఆధారం చూసి పేరిచ్చారు?

స్టూవర్టుపురంలో ఇంకో దారి కూడా నడిచింది. 1970ల్లో హేమలత, లవణం అక్కడికెళ్ళారు. ఆవిడ కవి జాషువా గారి అమ్మాయి, ఆయన నాస్తికవాది గోరా గారి అబ్బాయి, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టాడని ఆయనకి ఆ పేరు పెట్టారు. ఉప్పు వ్యాపారం పోయి దొంగలన్న పేరు మోసినవాళ్ళ దగ్గరికి లవణం వెళ్ళాడన్నది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. వాళ్ళు లాఠీ పట్టుకుని వెళ్ళలేదు. జైలు నుంచి వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో కూర్చుని మాట్లాడారు, పిల్లల చదువులు, బతకడానికి పని, ఇవి చూశారు.

ఆ వాచ్‌మన్ బామ్మర్ది ఫర్నిచర్ షాపులో పాలిష్ పని చేస్తాడన్నావు కదా. రెండు రోజులు స్టేషన్‌లో కూర్చోబెట్టారంటే ఓనర్ పనిలోంచి తీసేసి ఉంటాడేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. రేపు కిందికి వెళ్ళి వాచ్‌మన్‌ని అడుగు. తీసేసి ఉంటే ఆ షాపాయనతో నువ్వే మాట్లాడు, నీ మాటంటే వింటాడు. ఆదివారం మీటింగ్‌లో, ఆధారం లేకుండా పేరిచ్చామని స్టేషన్‌కి ఒక కాగితం రాసివ్వమని అడుగు. నువ్వొక్కడివే సంతకం పెట్టాల్సొచ్చినా పెట్టు. ఏమైందో సాయంత్రం ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

నీ
శీను