నానమ్మ ఫొటో సంగతి

చిన్నా,

నువ్వు ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాస్తున్నాననుకోకు. నానమ్మ ఫొటో తీశాను, ఆ సంగతి చెబుదామని. నువ్వు వదిలేసి వెళ్లిన పాత కెమెరాతోనే. బుల్లత్త ఏదో అంది, ఉద్యోగం మానేసి ఫొటోలు తీసుకుంటూ తిరుగుతున్నావని. ఆవిడ మాటలకేం గానీ, ఇది విను.

చుట్టూ చీకటి, మొహం మీద మాత్రమే వెలుగు. లో-కీ అంటావే, అదే. దానికి స్టూడియో కావాలేమో అనుకునేవాణ్ణి, ఒక్క కిటికీ చాలట. ట్యూబ్‌లైట్ ఆర్పేసి, మిగతా కిటికీలకు దుప్పట్లు కట్టాను. నానమ్మ కుర్చీ కిటికీ పక్కనే వేసి, వెనక గోడ వీలైనంత దూరంగా ఉండేలా చూశాను. చిన్న కిటికీ అయితే దూరం రెట్టింపయ్యేసరికి వెలుగు ఇంచుమించు నాలుగో వంతుకు పడిపోతుంది, నల్లగుడ్డ లేకుండానే గోడ మాయమవుతుంది.

"చీకట్లో ఫొటో ఏమిట్రా, కరెంటు పోయిందా?" అని నానమ్మ మొదలుపెట్టింది. పైట సర్దుకుని బిగుసుకుపోయి కూర్చుంది. కళ్లజోడులో కిటికీ మొత్తం కనబడుతోంది. తీసెయ్యమంటే ససేమిరా అంది. చివరికి కళ్లజోడు కాడలు చెవుల మీద కాస్త పైకి లేపితే అద్దాలు కిందికి వాలి ఆ మెరుపు పోయింది. కెమెరాను ఆటో మోడ్‌లో వదిలేస్తే చీకటి చూసి కంగారుపడి గదంతా బూడిదరంగు చేసేసింది. ఫొటో ఎంత వెలుగ్గా రావాలో చెప్పే ఎక్స్‌పోజర్ మైనస్ 1.5కి దించాక గానీ తెల్లజుట్టులో పోగులు కనబడలేదు. చేయి కదులుతుందని షట్టర్ 1/125 సెకనుకి, తక్కువ వెలుగులోనూ మొహం కనబడేలా ఐఎస్ఓ 1600కి పెట్టాను. పక్క వెలుగుకి ముడతలు మరీ లోతుగా పడుతుంటే కిటికీకి పల్చటి తెల్ల తెర వేశాను. ఫోన్‌లో నున్నగా చేసెయ్యమన్నాడు బాబాయి. ఒప్పుకోలేదు, ముడతలు తీసేస్తే అది మా అమ్మ ఎందుకవుతుంది?

కిటికీ వెలుగు తిరిగి మొహం మీద కాస్త పడేలా నీడ పక్క మీ అమ్మ తెల్ల దిండుగలీబు పట్టుకుని నిలబడింది. పట్టుకున్నంతసేపూ నీ గురించే. కాస్త మొహం తిప్పితే నీడలో ఉన్న చెంప మీద, కంటి కింద ముక్కోణంలా వెలుగు పడింది. 17వ శతాబ్దంలో రెంబ్రాంట్ అనే డచ్ చిత్రకారుడు బొమ్మల్లో ఇలాగే వేసేవాడని, ఆయన పేరే ఈ వెలుగుకి పెట్టారని నానమ్మకు చెప్పాను. "ఆయన కొడుకులు ఇంటికి ఫోన్ చేసేవారా?" అంది. మీ అమ్మ పకపకా నవ్వేసింది, గలీబు జారింది, ఆ ఫొటో పాడైంది.

బుల్లత్త అన్న మాట నానమ్మకు చెప్పలేదులే. అయినా మానేస్తే మానేశావు, ఆర్నెల్ల ఖర్చుకి చేతిలో ఉంచుకునే మానేశావా? ఎవరిదైనా పని ఒప్పుకునేటప్పుడు అడ్వాన్సు తీసుకో, మొహమాటపడకు. ఏ పనైనా నేర్చుకుని చేస్తే... సరే, లెక్చర్ ఇవ్వనని మీ అమ్మకు మాటిచ్చాను. రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చోకు. అన్నం వేళకి తిను. నీ కళ్లజోడు పవర్ మారిందేమో చూపించుకో.

ఫొటో పంపుతున్నాను. నీడల్లో చుక్కలు చుక్కలుగా వస్తోంది. ఐఎస్ఓ తగ్గించాలా, నానమ్మని కిటికీకి ఇంకా దగ్గరగా జరపాలా? మెసేజ్ పెడితే నాకు అర్థం కాదు, ఫోన్ చేసి చెప్పు. ఆదివారమైతే నానమ్మ కూడా మెలకువగా ఉంటుంది.

నాన్న